ఎగుమతుల డబ్బు ఎటు పోయింది? లెక్క అడిగిన దాదాభాయి నౌరోజీ



గ్రూప్స్ పుస్తకాల్లో దాదాభాయి నౌరోజీ గురించి రెండు ముక్కలే ఉంటాయి. ఒకటి సంపద తరలింపు సిద్ధాంతం, రెండోది భారత కురువృద్ధుడు అన్న బిరుదు. బిట్టుకు అవి చాలు. కానీ ఆయన కూడా మనలాగే ఫీజు కట్టకుండా చదువుకున్నవాడని మనలో చాలామందికి తెలియదు.

నౌరోజీ 1825 సెప్టెంబరు 4న ఒక పేద పార్సీ పురోహిత కుటుంబంలో పుట్టారు. నాలుగేళ్లకే తండ్రి చనిపోయారు. తల్లి మాణెక్‌బాయికి చదువు రాదు. అయినా కొడుకును బడి మాన్పించలేదు. బొంబాయిలో అప్పుడు చదువు ఉచితంగా దొరకడంతో ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థ దాకా వెళ్లగలిగారు. తన చదువుకైన ఖర్చు పేద జనం కట్టిన పన్నుల్లోంచే వచ్చిందని, ఆ బాకీ తీర్చవలసిన బాధ్యత తనదేనని ఆయన కుర్రతనంలోనే అనుకున్నారు. 1849లో స్నేహితులతో కలిసి ఆడపిల్లలకు ఉచిత బడులు తెరిచారు. చదివిన చోటే లెక్కల ప్రొఫెసర్ అయ్యారు. అంతకుముందు ఆ ఉద్యోగం ఏ భారతీయుడికీ ఇవ్వలేదు.

1855లో కామా కంపెనీ భాగస్వామిగా ఇంగ్లండు వెళ్లారు. నల్లమందు, మద్యం మీద వచ్చే లాభం ఆయనకు గిట్టలేదు. బయటికి వచ్చి సొంతంగా పత్తి వ్యాపారం పెట్టుకున్నారు. లెక్కల మాస్టారికి ఓడల సరుకు, బిల్లులు, మారకపు రేట్లు చేతికి అందింది ఇక్కడే.

ఆయన పట్టుకున్న విషయం అర్థం కావాలంటే విదేశీ చెల్లింపుల శేషం అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. ఒక దేశానికి బయటి దేశాలతో ఏడాది పొడుగునా జరిగిన ఇచ్చిపుచ్చుకోవడాల ఖాతా అది. సరుకుల ఎగుమతి, దిగుమతుల తేడా ఒక్కటే అయితే వర్తక శేషం అంటారు. చెల్లింపుల శేషంలో కంటికి కనపడనివి కూడా చేరతాయి. జీతాలు, వడ్డీలు, పింఛన్లు, మనియార్డర్లు అలాంటివే. నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు ఇంటికి పంపే డబ్బు ఈ ఖాతాలో మన వైపు జమ అవుతుంది. ఖాతా తేడా కొడితే ఎంత కష్టమో 1991లో చూశాం. రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా విదేశీ మారకం మాత్రమే మిగిలింది. రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని లండన్‌కు పంపి తాకట్టు పెట్టింది.

నౌరోజీ కాలంలో కథ వేరు. భారతదేశం కొన్నదాని కంటే అమ్మింది ఎక్కువ. ఎగుమతులు పెరుగుతున్నాయి కాబట్టి దేశం బాగుపడుతోందని దొరలు చెప్పేవారు. ఆయన వేసిన ప్రశ్న చాలా చిన్నది. ఎక్కువ అమ్మినవాడికి ఎక్కువ డబ్బు రావాలి కదా, అది ఏదీ? వచ్చిన వెండి, బంగారం కూడా కలిపి చూశారు. అయినా లెక్క కుదరలేదు. 1867లో లండన్‌లో చదివిన పత్రంలో ఈ తేడానే బయటపెట్టారు. ఇంగ్లండు భారతదేశానికి బాకీ పడిందన్నది దాని సారాంశం.

డబ్బు పోయిన దారి ఇది. ఇంగ్లీషు అధికారుల పింఛన్లు, లండన్‌లోని ఇండియా ఆఫీసు ఖర్చు, అప్పుల మీద వడ్డీ, రైలు కంపెనీలకు హామీ ఇచ్చిన 5 శాతం రాబడి, ఇలాంటివన్నీ హోం చార్జీల పేరుతో భారత ఖజానాయే లండన్‌లో కట్టాలి. 1901-02 నాటికి అది ఏడాదికి సుమారు 1 కోటి 70 లక్షల పౌండ్లు. మన సరుకు కొనే వర్తకుడు లండన్‌లో భారత మంత్రికి పౌండ్లు కట్టి కౌన్సిల్ బిల్లు తీసుకునేవాడు. ఆ బిల్లును ఇక్కడ ప్రభుత్వ ఖజానాలో ఇస్తే రూపాయలు ఇచ్చేవారు. ఆ రూపాయలు ఎవరివి? రైతు కట్టిన శిస్తు. అంటే రైతు పండించిన పత్తికి రైతు పన్నునే ధరగా ఇచ్చి, పౌండ్లు అక్కడే ఉంచుకున్నారు. ఎం.ఏ.లో ఇది మొదటిసారి చదివినప్పుడు నేను రెండుసార్లు వెనక్కి వెళ్లి చదివాను.

రైళ్లు వేశాం కదా అని వాదించినవాళ్లకూ ఆయన దగ్గర జవాబు ఉంది. అమెరికా కూడా అప్పు తెచ్చే రైళ్లు వేసింది. కానీ వడ్డీ పోను మిగిలిన రాబడి, ఉద్యోగాలు అక్కడి జనానికే దక్కాయి. ఇక్కడ పెద్ద జీతాలు కూడా ఓడెక్కి వెళ్లిపోయాయి.

తరువాత ఆయన ఇంకో లెక్క వేశారు. 1867-68 నాటి పంటలు, ఉత్పత్తి అన్నీ కూడితే మనిషికి ఏడాదికి 20 రూపాయలు వచ్చింది. మన మెస్‌లో తలకు ఇన్ని గ్రాములు అని రాసి ఉన్నట్టే జైళ్లలో కూడా ఖైదీల తిండికి కొలత ఉండేది. ఆ తిండి, బట్ట ఖర్చుతో పోల్చి చూశారు. ఖైదీకి పెట్టే ఖర్చు పాటి రాబడి కూడా బయట స్వేచ్ఛగా ఉన్న మనిషికి లేదని తేలింది. పేదరికాన్ని ఇలా సర్కారు అంకెలతోనే నిరూపించడం నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చిన సంగతి.

1886లో హోల్బర్న్‌లో పార్లమెంటుకు పోటీ చేసి ఓడిపోయారు. ఆ ఓటమిని ప్రస్తావిస్తూ సాలిస్‌బరీ ప్రధానిగా ఉండి కూడా ఆయన ఒంటి రంగును ఎత్తిచూపాడు. 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి కేవలం 3 ఓట్ల తేడాతో గెలిచారు. 1895లో ఓడిపోయారు. తెల్లవారి న్యాయబుద్ధి మీద ఆయన పెట్టుకున్న నమ్మకం మరీ ఎక్కువని నాకనిపిస్తుంది. మనబోటివాళ్లు మరిచిపోకూడని సంగతి ఇంకొకటి ఉంది. 1886 కలకత్తా కాంగ్రెస్‌కు అధ్యక్షత వహిస్తూ, కాంగ్రెస్ రాజకీయ విషయాలకే పరిమితం కావాలని, సంఘ సంస్కరణ ఆయా వర్గాలు చూసుకోవాలని ఆయన అన్నారు. దేశం నుంచి పోయే సంపదను లెక్క కట్టిన మనిషి, ఊళ్లో వెట్టి చేసేవాడి నుంచి ఊరి పెద్దకు పోయేదాన్ని ఆ వేదిక మీదికి రానివ్వలేదు.

1901లో తన వ్యాసాలు, లెక్కలు కలిపి పెద్ద పుస్తకంగా వేశారు. 1906లో మళ్లీ కలకత్తాలోనే మూడోసారి కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. అప్పటికి 81 ఏళ్లు. గొంతు సహకరించక ప్రసంగాన్ని గోఖలే చదివారు. అందులో ఆయన అడిగింది స్వరాజ్యం. 1917 జూన్ 30న బొంబాయిలో కన్నుమూశారు. అప్పటికీ కౌన్సిల్ బిల్లులు లండన్‌లో అమ్ముడవుతూనే ఉన్నాయి.