నర్సు ఎడిత్ కావెల్ జీవితము

ఎడిత్ కావెల్ అను పేరు వినగానే 1915వ సంవత్సరమున బ్రస్సెల్సు పట్టణములో తుపాకి గుండ్లకు ప్రాణమర్పించిన వీరవనిత చాలమందికి జ్ఞప్తికి వచ్చును. ఆ తుది దినమునకు వెనుక ఇరువది సంవత్సరముల వృత్తి జీవితము గలదని యెరిగినవారు కొలదిమంది. ఆమె నర్సు వృత్తిలో నెట్లు ప్రవేశించెనో, అందులో నెట్లు వృద్ధి పొందెనో, ఆపద సంభవించినప్పుడు ఆ విద్య యామె కెట్లు తోడ్పడెనో మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపగోరి ఈ చరిత్రను వ్రాయుచున్నాము.

ఎడిత్ 1865వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన ఇంగ్లండు దేశమందలి నార్ఫోకు మండలములో స్వార్డెస్టను అను గ్రామమున జన్మించెను. ఆమె తండ్రి ఫ్రెడరిక్ కావెల్ ఆ గ్రామ సంఘమునకు గురువు. నలుగురు బిడ్డలలో ఈమె జ్యేష్ఠురాలు. ఫ్రెంచి భాషయందు మంచి ప్రవేశము గలదగుటచే 1890 మొదలు 1895 వరకు బెల్జియము రాజధానియగు బ్రస్సెల్సులో ఒక కుటుంబమువారి పిల్లలకు ఉపాధ్యాయినిగా నుండెను. 1895లో తండ్రి వ్యాధిగ్రస్తుడుకాగా ఇంటికి మరలివచ్చి ఆయనకు పరిచర్య చేసెను. ఆయన స్వస్థత నొందెను. ఆ దినములలోనే రోగుల సేవయే తన జీవితకార్యమని ఆమె నిశ్చయించుకొనెను. అప్పటి కామె వయస్సు ముప్పదికి సమీపించినది.

తొలుత లండనులోని ఒక జ్వర చికిత్సాలయమున కొన్ని మాసములు పనిచేసి, 1896వ సంవత్సరము సెప్టెంబరులో లండన్ హాస్పిటల్ అను గొప్ప వైద్యశాలలో శిక్షణకు చేరెను. ఆ వైద్యశాల అప్పట్లో బీదలు నివసించుచుండిన తూర్పు భాగమున, ఓడరేవుల చెంత నుండెను. రేవులలోను కర్మాగారములలోను గాయపడినవారిని రాత్రింబవళ్లు అచ్చటికి మోసికొని వచ్చుచుండిరి. కారుచున్న రక్తమును ఆపుట, వైద్యుని కవసరమైన సామగ్రిని క్షణములో సిద్ధపరచుట, కేకలు వేయువారి నడుమ నెమ్మది విడువకుండుట అను పాఠములు అట్టి చోటనే కుదురును. అయితే ఆ వైద్యశాల మేట్రనగు ఈవా లూకస్ ఈ శిష్యురాలిని అంతగా మెచ్చుకొనలేదు. ఎడిత్‌కు సామర్థ్యమున్నను వేళకు వచ్చుట లేదనియు, పనిలో పూర్తిగా నమ్మదగినది కాదనియు తన పుస్తకములో వ్రాసికొనెను. మహనీయుల చరిత్రలలో ఇట్టి సంగతులను దాచుట కొందరికి వాడుక. మా విద్యార్థులకు మేలు కలుగునను తలంపుతో మేము దీనిని దాచలేదు.

1897లో మెయిడ్‌స్టన్ పట్టణమున త్రాగునీరు చెడుటవలన టైఫాయిడు జ్వరము వ్యాపించెను. వేయిమందికి పైగా మంచము పట్టిరి. వారి సాయమునకు పంపబడిన నర్సులలో ఎడిత్ యొకతె. శిక్షణ యింకను ముగియకముందే కలిగిన ఈ పరీక్షలో ఆమె నిలిచెను. పట్టణమువారు ఆ నర్సులకు పతకముల నిచ్చి గౌరవించిరి. తరువాత 1901లో సెయింట్ పాంక్రాస్ బీదల వైద్యశాలయందు రాత్రివేళ పర్యవేక్షకురాలుగాను, 1903లో షోర్‌డిచ్ వైద్యశాలయందు ఉపమేట్రనుగాను నియమింపబడెను. ఇట్లు ఒక్కొక్క మెట్టు ఎక్కుచు, పెద్ద వైద్యశాలను నడుపు నేర్పును సంపాదించుకొనెను.

1907లో శస్త్రవైద్యుడగు ఆంట్వాన్ దపాజ్ బ్రస్సెల్సులో నర్సుల పాఠశాలను స్థాపించి, దానికి అధికారిణిగా ఎడిత్‌ను పిలిపించెను. అంతవరకు ఆ దేశమున రోగిపరిచర్య ఎక్కువగా సన్యాసినుల చేతిలో నుండెను. గౌరవకుటుంబముల కన్యలు జీతమునకు ఈ పనిచేయుట సిగ్గుచేటని జనులు తలంచుచుండిరి. ఆ దేశపు రాణి చేయి విరిగినప్పుడు ఈ పాఠశాలనుండి నర్సును పిలిపించుకొనగా ఆ దురభిప్రాయము కొంత సడలెను. ఎడిత్ ప్రాతఃకాల భోజనవేళ గడియారమును తన యెదుట నుంచుకొని, ఆలస్యముగా వచ్చిన శిష్యురాండ్రకు అదనపు పని విధించుచుండెను. ఒకప్పుడు వేళ తప్పుచున్నదని పేరుపడిన స్త్రీయే ఈమె యని మనము జ్ఞాపకముంచుకొనవలెను. 1910లో నర్సులకొరకు ఒక పత్రికనుకూడ ప్రారంభించెను.

1914వ సంవత్సరము ఆగస్టులో యుద్ధము ప్రారంభమైనప్పుడు ఆమె ఇంగ్లండులో తల్లియొద్ద నుండెను. అచ్చటనే క్షేమముగా నిలిచియుండవచ్చును; కాని తన శిష్యురాండ్రను, రోగులను తలంచి వెంటనే బ్రస్సెల్సునకు మరలిపోయెను. పాఠశాల రెడ్ క్రాస్ వైద్యశాలగా మారెను. జర్మనులు పట్టణమును పట్టుకొనినను, గాయపడినవాడు ఏ జాతివాడైనను సమానముగా చూడవలెనని ఆమె నర్సులకు బోధించెను.

అంతలో సైన్యమునుండి విడిపోయి దాగియున్న ఆంగ్లేయ, ఫ్రెంచి, బెల్జియను సైనికులు ఆశ్రయము కోరి ఆమె యింటికి రాసాగిరి. వారిని త్రోసివేసినచో వారికి ప్రాణాపాయము. చేర్చుకొనినచో తనకును వైద్యశాలకును అపాయము. జర్మను సైనికశాసనము దానిని మహాపరాధముగా నెంచుచుండెను. ఆమె చేర్చుకొనెను. సుమారు 200 మంది ఆమె సాయమున హాలండు సరిహద్దువైపునకు సాగిపోయిరి. 1915 ఆగస్టులో ఆమెను చెరలో వేసిరి. విచారణలో తాను చేసినదానిని దాచక ఒప్పుకొనెను. అక్టోబరు 11వ తేదీ రాత్రి గాహన్ అను గురువు చెరసాలకు వచ్చి ఆమెకు ప్రభుభోజన సంస్కారము నిచ్చెను. దేశముమీది ప్రేమ యొక్కటే చాలదనియు, ఎవరియందును ద్వేషముంచుకొనరాదనియు ఆమె ఆయనతో చెప్పెను. మరునాటి ఉదయమున ఆమెను ఫిలిప్ బోక్ అను బెల్జియనుతోకూడ కాల్చి చంపిరి. 1919లో ఆమె దేహమును ఇంగ్లండునకు తెచ్చి నార్విచ్ ప్రధాన దేవాలయముచెంత సమాధి చేసిరి.

నర్సు విద్య నేర్వగోరు బాలికలు మనలో కలరు. తమ కుమార్తెను ఆ వృత్తికి పంపుటకు సందేహించు తలిదండ్రులును కలరు. ముప్పదియవ యేట ఆరంభించినను ఎడిత్‌కు ఆలస్యము కాలేదు. మేట్రను మెచ్చకపోయినను ఆమె పని విడువలేదు. ఆపద హఠాత్తుగా వచ్చును. దాని నెదుర్కొను ధైర్యము మాత్రము నిత్యము గంట వినగానే లేచుటయందును, అప్పగింపబడిన చిన్నపనిని ముగించుటయందును కొంచెము కొంచెముగా ఏర్పడును. అట్టి సేవకురాండ్రను ప్రభువు మన పాఠశాలనుండి లేవనెత్తును గాక.