విశ్వదాత వ్యాపార దక్షత: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు జీవితం

దాతను లోకం పొగడుతుంది. ఆ దానానికి ధనం ఎక్కడి నుండి వచ్చిందని అడిగేవారు మాత్రం అరుదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిని తెలుగువారు దేశోద్ధారకుడని, విశ్వదాత అని పిలుచుకున్నారు. ఆంధ్రపత్రిక స్థాపకులుగా, స్వాతంత్ర్య యోధులుగా, గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచినవారుగా వారిని గూర్చి మనం చదువుకున్నాము. అయితే ఈ ఘనకార్యాలన్నింటి వెనుక ఒక చిన్న సీసాలో పట్టే తలనొప్పి మందు ఉన్నదన్న విషయాన్ని మనం చిరునవ్వుతో దాటవేస్తుంటాము. వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థికి వారి జీవితంలో ఈ రెండవ పార్శ్వమే మిక్కిలి ఉపయోగకరమని మా అభిప్రాయం. ప్రజలు నిత్యం వాడుకొనే వస్తువులు తయారుచేసే సంస్థకు అసలైన బలం ఎక్కడ ఉంటుంది? దాని వాటాలు కొనదలచినవాడు ముందుగా ఏమి చూడాలి? ఈ ప్రశ్నలకు పంతులు గారి జీవితమే ఒక చక్కని సమాధానం.

పంతులు గారు 1867 మే 1వ తేదీన కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. తండ్రి బుచ్చయ్య గారు, తల్లి శ్యామలాంబ గారు. బాల్యవిద్య స్వగ్రామంలోను, ఆపై చదువు బందరులోను సాగినవి. మన సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడకు పోయే జాతీయ రహదారి అక్కడితో ఆగక ఆ బందరు వరకూ పోతుంది. అదే రహదారి పడమర దిక్కున హైదరాబాదు, షోలాపురం దాటి పూనాను చేరుతుంది. ఆ దారికి ఒక కొసన చదువుకున్న పంతులు గారు, రెండవ కొసకు సమీపంలోని బొంబాయి మహానగరంలో తమ భాగ్యాన్ని వెదకుకొన్నారు. 1891లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులైన తరువాత వారు ప్రభుత్వోద్యోగాన్ని ఆశించలేదు. పట్టా చేతికి వస్తే కచేరీలో కొలువు ఖాయమనుకొనే ఆ రోజులలో కలకత్తాకు, అక్కడి నుండి బొంబాయికి పోయి వర్తక సంస్థలలో పనిచేశారు. బొంబాయిలో విలియం అండ్ కంపెనీ అనే సంస్థలో చేరి, వ్యాపారంలోని మెలకువలను ఒక్కొక్కటిగా అభ్యసించారు.

1893లో వారు అమృతాంజనాన్ని తయారుచేసి విక్రయించడం ప్రారంభించారు. అప్పుడు వారి వయస్సు ఇరవై ఆరేళ్లు. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం వంటి ఘాటైన ద్రవ్యాలు నొప్పులకు ఉపశమనమిస్తాయని మన వైద్యులకు ఏనాటి నుండియో తెలుసు. ఇవి అంగడిలో ఎవరికైనా దొరికేవే. కనుక పంతులు గారి విజయం దినుసుల రహస్యంలో లేదు. ఆ మందును జనం చేతికి చేర్చిన పద్ధతిలో ఉన్నది.

మొదట ఆ మందు వెల పది అణాలు. ఈనాడు వినడానికి అది స్వల్పంగానే తోస్తుంది. కాని నాటి రూపాయికి పదహారణాలు. కూలివాని దినవేతనం కొద్ది అణాలకు మించని కాలమది. అంటే అమృతాంజనం చౌక వస్తువుగా పుట్టలేదు. పేరు తెలియని మందుకు పది అణాలు ఎవరు పెడతారు? పంతులు గారు సంగీత సభలకు పోయి, అక్కడ చేరిన శ్రోతలకు దానిని ఉచితంగా పంచిపెట్టారు. నుదుట రాసుకొన్న క్షణంలోనే దాని గుణం తెలిసిపోతుంది. నొప్పి తగ్గినవాడు పేరు గుర్తుంచుకొని అంగడికి వెళ్లి అడుగుతాడు. వెల తగ్గించి అమ్మడం కన్న, ఒకమారు ఉచితంగా ఇచ్చి ఆపై పూర్తి వెలకు అమ్మడం మేలని వారు గ్రహించారు. వెల తగ్గించినవానికి ప్రతి సీసా మీదా నష్టమే. నమ్మకం సంపాదించినవానికి మొదటి సీసా మీద మాత్రమే నష్టం.

వాణిజ్య గ్రంథాలలో పోటీలో నిలిచే బలం అని పిలిచేది ఇదే. కోటకు కందకం ఎట్టిదో సంస్థకు ఈ బలం అట్టిది. అమృతాంజనం విషయంలో ఆ కందకాన్ని త్రవ్వినవి నాలుగు గుణాలు. మొదటిది పేరు: పలికిన వెంటనే ఊరట తోచే పేరు. రెండవది గుర్తు: కళ్లు మూసుకొన్నా తెలిసే వాసన, చదువు రానివాడు కూడా పోల్చుకోగల పచ్చని రంగు. మూడవది మరల మరల కొనవలసిన అవసరం: సీసా అయిపోతుంది, తలనొప్పి మాత్రం మళ్లీ వస్తుంది. నాలుగవది పరిమాణం: బరువు తక్కువ, వెల ఎక్కువ గల సరుకు గనుక రవాణా ఖర్చును సులభంగా భరిస్తుంది, దూరపు పల్లెలోని చిన్న కొట్టులో కూడా జానెడు చోటులో ఇమిడిపోతుంది.

ఈ కందకం ఎంత లోతైనదో పోటీదారులను చూస్తే తెలుస్తుంది. 1910లో బొంబాయిలో స్థాపితమైన జండూ ఔషధ సంస్థ తరువాతి కాలంలో ఇటువంటి లేపనంతోనే ప్రసిద్ధి పొందినది. అమెరికా నుండి విక్స్ వచ్చినది. అయినను అమృతాంజనం అంగడి నుండి తొలగిపోలేదు. 2008లో ఇమామీ సంస్థ జండూను కొనివేసినది. అట్టి సంస్థను కొనేవాడు చెల్లించే వెలలో యంత్రాలకు, గోడలకు చెందేది కొంతే. జనం నోట నానిన పేరుకు చెందేదే అధికం.

మన నిజాం రాష్ట్రంలోనూ ఇటువంటి ఉదాహరణ ఒకటి ఉన్నది. 1920లో హైదరాబాదులో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ గారు యునానీ పద్ధతిలో జిందా తిలిస్మాత్‌ను తయారుచేశారు. నిజాం కొలువులో పనిచేసిన సిద్దీ భటుని బొమ్మను బలానికి సంకేతంగా దాని చీటీపై ముద్రించారు. పేరు చదవలేని ముసలమ్మ కూడా ఆ బొమ్మ చూసి మందును అడిగి తీసుకొంటుంది. ఒకరు తెలుగు పంతులు, మరొకరు ఉర్దూ హకీం. ఒకరిది బొంబాయి, వేరొకరిది హైదరాబాదు. ఒకరి మార్గం ఒకరు అనుకరించకయే ఇద్దరూ ఒకే సత్యాన్ని పట్టుకున్నారు. మందు సీసాలో ఉంటుంది, వ్యాపారం మాత్రం కొనేవాని మనస్సులో ఉంటుంది. నేటికీ మన పట్టణాల కిరాణా దుకాణాలలో ఈ రెండు సీసాలూ దొరుకుతూనే ఉన్నవి.

అమృతాంజనం తెచ్చిన ధనాన్ని పంతులు గారు భోగాలకు వెచ్చించలేదు. 1908 సెప్టెంబరు 9న బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు. తెలంగాణ నుండి వలసపోయిన కామాఠీల పేర ఒక పేటయే వెలసిన నగరమది. అక్కడి తెలుగువారికి తమ భాషలో ఒక పత్రిక లభించినది. 1914లో మద్రాసుకు తరలివచ్చి, ఏప్రిల్ 1వ తేదీ నుండి దానిని దినపత్రికగా నడిపారు. అమృతాంజన కార్యాలయం కూడా మద్రాసు చేరినది. 1924లో భారతి మాసపత్రికను, 1926లో ఆంధ్ర గ్రంథమాలను నెలకొల్పారు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు 1923లో మరణించగా, వారు తలపెట్టిన విజ్ఞాన సర్వస్వ కార్యాన్ని పంతులు గారు తమ భుజాలపై వేసుకొన్నారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులై, ఉప్పు సత్యాగ్రహంలో కారాగారవాసం అనుభవించారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారిని కళాప్రపూర్ణ బిరుదంతో గౌరవించినది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరినది మద్రాసులోని వారి గృహంలోనే.

ఇందులో విద్యార్థులు గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. పత్రికకూ, లేపనానికీ యజమాని ఒక్కరే, నిజాయితీ ఒక్కటే, ప్రజల ఆదరణ రెండింటికీ లభించినది. కాని ఆర్థిక స్వభావాలు వేరు. దినపత్రికకు ప్రతిరోజూ కాగితం కొనాలి, కూర్పరులకు జీతాలివ్వాలి, తెల్లవారేసరికి సరుకు పాతబడిపోతుంది. లేపనానికి ముడిసరుకు కొద్ది, నిల్వ ఉంచినా త్వరగా చెడదు, అమ్మకం నగదుగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. ఒకటి ధనాన్ని తినే వ్యాపారం, మరొకటి ధనాన్ని కనే వ్యాపారం. ఎన్నో తరాల పాఠకులకు తెలుగు నేర్పిన ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయినది. భారతియు అదే ఏట నిలిచిపోయినది. అమృతాంజనం నేటికీ అమ్ముడవుతున్నది. పత్రిక ఆశయంలో తక్కువైనందువలన ఆగినదని ఎవరూ అనలేరు. ఆశయం గొప్పది కావడం వేరు, ఆదాయం నిలకడగా ఉండడం వేరు. ఈ భేదాన్ని ఎరిగినవాడే మంచి మదుపుదారు కాగలడు.

1936లో అమృతాంజనం పరిమిత బాధ్యత గల ప్రభుత్వేతర ప్రజా సంస్థగా, అనగా పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా రూపొందినది. కంపెనీ చట్టం దృష్టిలో సంస్థ వేరు, దాని యజమాని వేరు. యజమాని మరణించినా సంస్థ మరణించదు. యజమాని జేబు, సంస్థ పెట్టె ఒకటి కావు. అడిగినవారికి లేదనని దాత విషయంలో ఈ విభజన ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. రెండేళ్లకే, 1938 ఏప్రిల్ 11న పంతులు గారు పరమపదించారు. సంస్థ మాత్రం కొనసాగినది. 2007లో అది అమృతాంజన్ హెల్త్‌కేర్ అని పేరు మార్చుకొన్నది.

ఆ సంస్థ వాటాలు నేడు స్టాక్ ఎక్స్ఛేంజీలో ఎవరైనా కొనవచ్చును. కొనుమని గాని, వద్దని గాని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఇటువంటి ఏ సంస్థనైనను ఎట్లు పరీక్షించవలెనో చెప్పడమే మా ఉద్దేశం. వార్షిక నివేదిక తెరచి ముందుగా లాభనష్టాల పట్టికలో అమ్మకపు విలువకూ, ముడిసరుకు ఖర్చుకూ గల వ్యత్యాసం చూడాలి. ఉత్తర ప్రదేశ్ పొలాలలో పుదీనా పంట తగ్గిన ఏడు ముడిసరుకు ధర పెరుగుతుంది. అప్పుడు సీసా వెల పెంచినా కొనేవారు తగ్గకపోతే పేరుకు బలమున్నదన్నమాట. లాభం కుంచించుకుపోతే కందకం పూడిపోతున్నదన్నమాట. తరువాత ఆస్తి అప్పుల పట్టికలో అప్పు ఎంత, సొంత నిధులు ఎంత, వర్తకుల వద్ద నిలిచిన బాకీ ఎంత అన్నది చూడాలి. అమ్మకాలు పెరుగుతూ బాకీలు అంతకంటె వేగంగా పెరిగితే, సరుకు ప్రజలకు చేరక వర్తకుల కొట్లలో పేరుకుపోతున్నదేమోనని అనుమానించాలి. కాగితం మీది లాభం నగదుగా చేతికి వస్తున్నదా అన్నది మూడవ పరీక్ష.

నాలుగవ పరీక్ష మరింత సూక్ష్మమైనది. మిగిలిన ధనాన్ని సంస్థ ఎక్కడ పెడుతున్నది? అమృతాంజన సంస్థ 2011లో ఫ్రూట్‌నిక్ అనే పండ్ల పానీయాల వ్యాపారాన్ని కొన్నది. తలనొప్పి మందుపై ఉన్న నమ్మకం దాహం తీర్చే పానీయానికి పనికివస్తుందా? ఆ అంగడిలో పోటీదారులు వేరు, నిల్వ పద్ధతి వేరు, లాభపు రేటు వేరు. ఇటువంటి ప్రశ్న వేసుకొని, తదుపరి సంవత్సరాల నివేదికలలో దానికి అంకెల రూపంలో సమాధానం వెదకడమే మదుపుదారుని విద్య.

ఈ విద్య మన ప్రాంతానికి ఏమంత అవసరమని కొందరు అనవచ్చును. మిర్యాలగూడలో వడ్లు మరపట్టే మిల్లులున్నవి. కోదాడ, సూర్యాపేటలలో రహదారి వెంట వర్తకం సాగుతున్నది. ధాన్యం అమ్మినవాని చేతిలో, చిన్న దుకాణదారుని గల్లాపెట్టెలో, పరదేశం నుండి బిడ్డ పంపిన సొమ్ములో కొంత మిగులుతున్నది. ఆ మిగులును నెలకు నూటికి ఇంతని ఆశ చూపే మాటకారుల చేతిలో పెట్టి పోగొట్టుకొన్న కుటుంబాలు ప్రతి ఊరిలోనూ ఉన్నవి. ఆ సొమ్ము ఒక్కొక్కప్పుడు కుమార్తె చదువు, ఒక్కొక్కప్పుడు తల్లి శస్త్రచికిత్స. ఇక వడ్డీ ముట్టరాదన్న నియమం గల ముస్లిం కుటుంబాలకు ఈ జ్ఞానం మరింత అవసరం. లాభనష్టాలను పంచుకొనే భాగస్వామ్యాన్ని వారి ధర్మశాస్త్రం అంగీకరిస్తుంది. అయితే సంస్థ చేసే వ్యాపారం ఎట్టిది, దానికి అప్పుల భారం ఎంత అని ముందుగా విచారించవలెనని పండితులు చెబుతారు. సంస్థ బలాన్ని కొలిచే గణకుడు అడిగేదీ అవే ప్రశ్నలు కావడం గమనార్హం.

మా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. గ్రంథాలయంలో కొన్ని ప్రసిద్ధ సంస్థల వార్షిక నివేదికలను ఉంచి, నెలకొకసారి తెలుగు, ఉర్దూ మాధ్యమాల విద్యార్థులు కలిసి వాటిని చదివే ఏర్పాటు చేయిస్తే ఎంతో మేలు కలుగుతుంది. దానికి పెద్ద వ్యయం అక్కరలేదు.

నాగేశ్వరరావు పంతులు గారు ధనాన్ని ప్రేమించలేదు, ధనాన్ని తృణీకరించనూ లేదు. దానిని శ్రమతో ఆర్జించి, లెక్కతో నిలిపి, ఉదారంగా పంచారు. ఈ మూడింటిలో పంచడాన్ని మాత్రమే మనం స్మరిస్తున్నాము. మొదటి రెండూ నేర్చుకొన్ననాడే మూడవది మన చేతనవుతుంది.