గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు

కాజీపేట నుండి సికిందరాబాదునకు పోవు రైలుమార్గమున, జనగామ జిల్లాయందు, స్టేషన్ ఘన్‌పూరు అను ఊరు కలదు. స్టేషనులోని పలకపై ఊరి పేరు తెలుగు, హిందీ, ఆంగ్లము అను మూడు భాషలలో వ్రాయబడియుండును. ఆ చుట్టుపట్ల లంబాడీ తండాలు గలవు. తండాలోని బిడ్డ తల్లితో గోర్‌బోలిలో ముచ్చటించును. అంగడిలో తెలుగు మాటాడును. తూర్పుదిక్కున మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల అడవి పల్లెలలో కోయబిడ్డలకు ఇంటిభాష యొకటి, బడిభాష మరియొకటి. ఇట్లు ఒకే మనిషి రెండు మూడు భాషలతో బ్రతుకు నడుపుట మన దేశమున వింత కాదు. కాని బడిలో అడుగిడిన మొదటి దినమున ఉపాధ్యాయుని మాట తెలియని బిడ్డ గతి యేమి? నూరేండ్లకు పూర్వమే ఈ ప్రశ్నను తమ జీవితమునకు ముఖ్యమైన ప్రశ్నగా చేసికొన్న తెలుగు ఉపాధ్యాయులొకరు గలరు. వారే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

రామమూర్తిగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున, వంశధారా నదీతీరమందలి పర్వతాలపేట గ్రామమున జన్మించిరి. తల్లి వేంకమ్మ, తండ్రి వీర్రాజు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. కుమారుని చిన్నతనముననే ఆయన మరణించుటచే కుటుంబమునకు కష్టములు ప్రాప్తించినవి. బాలుడు విజయనగరమున బంధువుల ఇంట నుండి మహారాజావారి పాఠశాలలో చదువుకొనెను. గురజాడ అప్పారావుగారు అచట ఆయనకు సహాధ్యాయులు. 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులై, మరుసటి యేడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. అప్పటికి వారికి ఇరువది యేండ్లయినను నిండలేదు. ఉద్యోగము చేయుచునే పై పరీక్షలకు చదివి పట్టభద్రులైరి. శ్రీముఖలింగ దేవాలయమందలి శాసనములను చదువగోరి, ప్రాచీన లిపులను ఎవరి సాయమును లేక స్వయముగా నేర్చుకొనిరి. తెలియని దానిని మూలమునకు పోయి తెలిసికొనుట వారి స్వభావము.

పర్లాకిమిడి నాడు మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చేరిన పట్టణము. నేడు ఒడిశా రాష్ట్రమున గలదు. అచట మూడు భాషాకుటుంబములు ఒకేచోట కలిసికొనుచుండెను. తెలుగు ద్రావిడభాష, ఒడియా ఆర్యభాష, చుట్టునున్న కొండలలో నివసించు సవరల భాష ముండా శాఖకు చెందినది. సంతాలీ, ముండారీ భాషలు దానికి దగ్గరి చుట్టములు; కాంబోడియా దేశపు ఖ్మేరుభాష దూరపు చుట్టము. సవరలు కొండ దిగి వచ్చి అటవీవస్తువులను అమ్ముకొని, ఉప్పును బట్టలను కొనిపోవుచుండిరి. బ్రతుకుతెరువు కొరకు వారు కొంత తెలుగో, కొంత ఒడియాయో నేర్చుకొనిరి. కాని పట్టణవాసులలో సవర నేర్చుకొన్నవారు అరుదు. బలవంతుని భాషను బలహీనుడు నేర్వవలసినదే గాని, బలహీనుని భాషను బలవంతుడు నేర్చుట లోకమున కానరాదు. రెండు భాషల బరువును సవర యొక్కడే మోయుచుండెను. చదువు లేదు, లెక్క తెలియదు. కాగితముపై నేమి వ్రాసిరో యెరుగక వ్రేలిముద్ర వేయువారే అందరును.

ఈ దుఃస్థితి రామమూర్తిగారి హృదయమును కదలించెను. సవరలకు చదువు చెప్పవలయునన్న, ముందు తాము సవర నేర్వవలయునని వారు నిశ్చయించుకొనిరి. నేర్చుటకు పుస్తకమేది? వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, ఆ భాషకు లిపియే లేదు. తెలుగు తెలిసిన సవర యువకునొకనిని తమ ఇంట ఉంచుకొని, అతనివలన భాష నేర్వ మొదలిడిరి. రెండు భాషలెరిగిన ఆ యువకుడే వారికి వంతెన యయ్యెను. పగలు బడిలో గురువైనవారు, ఇంటికి రాగానే శిష్యులగుచుండిరి. విన్న ప్రతి పదమును వ్రాసికొనుచు, అన్న మాట సరియైనదో కాదో ఆ యువకునే అడిగి దిద్దుకొనుచుండిరి. పిమ్మట సవర పల్లెలకు పోయి, స్త్రీలు, పిల్లలు, వృద్ధులు మాటాడు తీరును విని, పాటలను కథలను సేకరించిరి.

ఆ పని సులభమైనది కాదు. సవర మాటలలో, పలుకు నడుమ గొంతుక క్షణకాలము మూసికొనగా కలుగు ధ్వని యొకటి గలదు. తెలుగు చెవికి అది తట్టదు. తెలుగు అక్షరములలో దానికి గుర్తు లేదు. ఆ చిన్న ధ్వనిని విడిచినచో భాషయే తప్పిపోవును. లెక్కపెట్టు విధమును వేరు. మనము పదులలో లెక్కింతుము. సవరలకు పన్నెండు వరకు వేరు వేరు పేర్లు గలవు. పదమూడనుటకు పన్నెండును ఒకటియు అందురు. ఇరువదికి మరల క్రొత్త పేరు. ముప్పదిని ఇరువదియు పదియు అని చెప్పుదురు. ఇట్టి లెక్కలో పెరిగిన బిడ్డకు పదుల ఎక్కములను ఒక్కమారుగా తెలుగులో వల్లింపజేసినచో అతడు తడబడుట సహజము. ఆ తడబాటును చూచి బిడ్డ మందమతి యని తలచు ఉపాధ్యాయుడు పొరబడును. లోపము బిడ్డయందు లేదు. గురుశిష్యుల నడుమ నున్న భాషయందు గలదు.

రామమూర్తిగారు సవరభాషలో వాచకములను, కథల పుస్తకములను, పాటల పుస్తకములను సిద్ధపరచిరి. తమ సొంత ధనముతో సవర పిల్లలకు బడులు పెట్టించి, వారి భాషలోనే విద్య నేర్పించిరి. సవర బిడ్డలు తెలుగు నేర్వరాదని వారి తలంపు కాదు. ఎరిగిన భాషనుండి ఎరుగని భాషకు నడిపింపవలయునని వారి మతము. మద్రాసు ప్రభుత్వమువారు ఆ పుస్తకములకు పారితోషికము నీయజూపగా, రామమూర్తిగారు దానిని గైకొనక, ఆ ధనముతో సవరలకు బడులు పెట్టుడని కోరిరి. పెద్ద సంసారము గల ఉపాధ్యాయునకు ఆ ధనము అక్కరలేనిది కాదు.

ధనముకంటె గొప్ప వెలను కూడ వారు చెల్లింపవలసి వచ్చెను. ఆ కొండలు మన్యపుజ్వరమునకు నెలవులు. అడవులలో తిరుగుటచే వారికి ఆ జ్వరము సోకెను. దానికై క్వినైను మిక్కుటముగా వాడుటచే చెవులు దెబ్బతినెను. వినికిడి తగ్గి, ఆ లోపము జీవితాంతమును వదలలేదు. పరభాషలోని సన్నని ధ్వనులను పట్టుకొనుటయే పనిగా గల పండితునకు ఇంతకంటె కఠినమైన నష్టమేమి గలదు? అయినను వారు పని మానలేదు. కుమారులు సీతాపతిగారు ఆ కృషిలో తండ్రికి తోడైరి. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటితములైనవి. నలువది యేండ్లకు మించిన తపస్సునకు ఇవి ఫలములు.

1911లో రామమూర్తిగారు ఉద్యోగమునుండి విరమించిరి. సవర బిడ్డల విషయమున కనుగొన్న సత్యమే తెలుగు బిడ్డల విషయమునను వారికి గోచరించెను. తెలుగువాడు ఇంట మాటాడు భాష యొకటి; బడిలో వ్రాయవలసిన గ్రాంథికభాష మరియొకటి. మాటాడు తెలుగు పుస్తకమునకు తగదను అభిప్రాయమును వారు ఖండించిరి. ఇంగ్లండు దేశస్థుడును పాఠశాలల పరీక్షాధికారియు నగు యేట్సు దొర వారికి ప్రోత్సాహకుడయ్యెను. జయంతి రామయ్య పంతులు మొదలగు పండితులు గట్టిగా ఎదిరించిరి. రామమూర్తిగారు ఊరూర సభలు చేసి, పూర్వగ్రంథములనుండియే సాక్ష్యములు చూపి వాదించిరి. 1919లో తెలుగు అను మాసపత్రికను నడపిరి. తెలుగు పత్రికలును పుస్తకములును నేడు వాడుకభాషలో వెలువడుచుండుట ఆ పోరాటమునకు ఫలము.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడగా పర్లాకిమిడి అందు చేర్చబడెను. దాని నాంధ్రమున నిలుపుటకు పాటుపడిన రామమూర్తిగారు అందులకు మిగుల ఖిన్నులై, ఏబదియారేండ్లు కాపురమున్న ఊరిని విడిచి, డెబ్బదిరెండేండ్లు నిండిన పిమ్మట రాజమహేంద్రవరము చేరిరి. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు కళాప్రపూర్ణ బిరుదముతో వారిని గౌరవించిరి. 1940 జనవరి 22వ తేదీన మద్రాసు నగరమున వారు దివంగతులైరి.

వారి మరణానంతరము లోకము వారి బాటకే వచ్చినది. 1953లో యునెస్కో సంస్థ ప్రకటించిన నివేదికలో, బిడ్డకు తొలి విద్య మాతృభాషలో నేర్పుటయే మేలని నిపుణులు తెలిపిరి. 1956లో మన రాజ్యాంగమున చేర్చబడిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో నేర్పుటకు వసతులు కల్పింప యత్నింపవలయునని రాష్ట్రములకు విధించినది. రామమూర్తిగారి జన్మదినమగు ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నారు.

ఆనాడు తెలుగును కొనియాడుట ఉచితమే. కాని ఆ మహనీయుడు తమ భాషను ప్రేమించినంతగా పరుల భాషను గౌరవించినవారని మరువరాదు. తరగతిలో తండాబిడ్డయో, కోయబిడ్డయో మన ప్రక్కన కూర్చుండి తెలుగు మాట కొరకు తడుముకొనునపుడు నవ్వుట తగదు. ఆ బిడ్డ మనకంటె ఒక భాష ఎక్కువ ఎరిగినవాడు. అతనివలన ఆ భాషలోని నాలుగు మాటలు నేర్చుకొన్న విద్యార్థి రామమూర్తిగారి బాటలో తొలి అడుగు వేసినవాడగును.