వెండితెరకు వాక్కునిచ్చిన అర్దేషిర్ ఇరానీ

మన ఆలంకారికులు కావ్యాన్ని దృశ్యకావ్యమనీ, శ్రవ్యకావ్యమనీ రెండు విధాలుగా విభజించారు. చెవితో విని ఆనందించేది శ్రవ్యం. రంగస్థలం మీద ప్రదర్శింపబడే నాటకం దృశ్యకావ్యమే అయినా కంటితోబాటు చెవికీ విందు చేస్తుంది. చలనచిత్రానికి మాత్రం తొలి దశాబ్దాలలో ఆ భాగ్యం లేకపోయింది. తెరమీది పాత్రలు పెదవులు కదిపేవే గాని, వాటి పలుకు ప్రేక్షకుని చెవిన పడేది కాదు. అందుకే వాటిని మూకీలు అన్నారు. ఆ మూగతనాన్ని పోగొట్టి, భారతీయ కథాచిత్రం చేత మొట్టమొదట మాట్లాడించిన నిర్మాత, దర్శకుడు అర్దేషిర్ ఇరానీ.

ఇరానీ 1886 డిసెంబరు 5వ తేదీన పుణె నగరంలో ఒక జొరాస్ట్రియన్ కుటుంబంలో జన్మించారు. బొంబాయిలోని జె.జె. కళాశాలలో చిత్రకళను అభ్యసించారు. అనంతరం సంగీత వాద్యాలు, ఫోనోగ్రాఫులు అమ్మే కుటుంబ వ్యాపారంలో పాలుపంచుకున్నారు. శబ్దాన్ని పదిలపరచే యంత్రంతో ఆయనకు ఈ విధంగా యౌవనంలోనే పరిచయం కలిగింది. తరువాత విదేశీ చిత్రాల పంపిణీలో ప్రవేశించి, అబ్దులల్లీ ఎసూఫల్లీతో కలిసి బొంబాయిలో సినిమాహాళ్లు నడిపారు. 1920 దశకంలో నిర్మాతగా స్థిరపడి, 1926లో ఇంపీరియల్ ఫిలిం కంపెనీని స్థాపించారు.

1929లో నిర్మితమైన ‘షో బోట్’ అనే అమెరికన్ చిత్రాన్ని ఇరానీ బొంబాయిలో చూశారు. అందులో కొంత భాగానికే మాటలున్నాయి. ఆ కొద్దిపాటి మాటలే ఆయన మనస్సును ఆకట్టుకున్నాయి. మన దేశంలోనూ టాకీ తీయాలని సంకల్పించి, జోసెఫ్ డేవిడ్ రచించిన పార్శీ నాటకం ‘ఆలం ఆరా’ను కథగా ఎంచుకున్నారు. కలకత్తాలోని మదన్ థియేటర్స్ సంస్థ కూడ అదే ప్రయత్నంలో ఉండడం వల్ల ఈ పనిని గోప్యంగా సాగించవలసి వచ్చింది. మూకీలతో లాభాలు గడిస్తున్న వ్యాపారి, ఎవరూ నడవని బాటలో ధనాన్నీ పేరునూ ఒడ్డడం సామాన్యమైన సాహసం కాదు.

సంకల్పం ఎంత బలమైనదైనా సాధనం దానికి లొంగిరావాలి. ఇరానీ తెప్పించిన టానార్ యంత్రం బొమ్మనూ శబ్దాన్నీ ఒకే ఫిల్ముమీద ఏకకాలంలో ముద్రించేది. నటుడు పలికిన మాటతోబాటు ఆ క్షణంలో వినవచ్చే దగ్గు, అడుగుల సవ్వడి, తలుపు కిర్రుమనడం కూడ ఆ ఫిల్ముమీదనే పడేవి. తరువాత వాటిని వేరుచేసే వీలు లేదు. తప్పు జరిగితే దృశ్యమంతా మళ్లీ తీయవలసిందే. యంత్రంతోబాటు విల్ఫర్డ్ డెమింగ్ అనే అమెరికన్ శబ్దనిపుణుడు వచ్చారు. ఆయన పారితోషికం దినానికి 100 రూపాయలు. ఆ రోజులకు అది పెద్ద మొత్తం. అంత వ్యయాన్ని భరించడం కష్టమని గ్రహించిన ఇరానీ, తన సహచరుడు రుస్తుం భరూచాతో కలిసి ఒక నెలలోనే ఆ విద్యలోని మూలసూత్రాలను నేర్చుకున్నారు. అటుపైన శబ్దగ్రహణ బాధ్యతను వారిద్దరే వహించారు. ఒక సంస్థకు అధిపతి అయి ఉండి, నలభై నాలుగేళ్ల వయస్సులో విద్యార్థిగా మారడం ఆయన స్వభావంలోని విశిష్టత.

అసలు పరీక్ష మైక్రోఫోను దగ్గర ఎదురైంది. మనిషి చెవి తనకు కావలసిన మాటను ఎంచుకొని, తక్కిన సందడిని పట్టించుకోకుండా ఉండగలదు. మైక్రోఫోనుకు ఆ విచక్షణ లేదు. పైగా ఆనాటి మైక్రోఫోనులు దాదాపు అన్ని వైపుల ధ్వనులనూ గ్రహించేవి. ఇంపీరియల్ స్టూడియోకు శబ్దాన్ని అడ్డగించే గోడలు లేవు. పక్కనే రైలుమార్గం ఉండేది. కొద్ది నిమిషాలకొకసారి రైలు పోతుంటే పగటిపూట సంభాషణలను ముద్రించడం అసాధ్యమైంది. రైళ్ల రాకపోకలు ఆగిపోయే వేళ కోసం ఇరానీ ఎదురుచూశారు. రాత్రి ఒంటిగంట మొదలు నాలుగు గంటల వరకు నగరం నిద్రించే సమయమే ఆ చిత్రబృందానికి పనివేళ అయింది. గోడలు ఇవ్వలేని నిశ్శబ్దాన్ని ఆయన కాలాన్నుంచి పొందారు.

బయటి రొద తగ్గినంత మాత్రాన సమస్య తీరలేదు. ధ్వని తన మూలానికి దూరమయ్యే కొద్దీ త్వరత్వరగా క్షీణిస్తుంది. దూరం రెట్టింపైతే దాని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి మైక్రోఫోను నటుని నోటికి చేరువగా ఉండాలి, కాని కెమెరా కంటికి కనబడరాదు. పరస్పర విరుద్ధాలైన ఈ రెండు అవసరాలకు రాజీ కుదర్చడానికి ఇరానీ మైక్రోఫోనులను నటుల సమీపంలో, ఎవరూ ఊహించని చోట్ల దాచిపెట్టించారు. నటుడు ఆ చోటు విడిచి దూరంగా జరిగితే మాట సన్నగిలిపోతుంది. నేపథ్యగానం లేని కాలం కావడంతో పాటలు పాడే నటులే కెమెరా ముందు పాడవలసి వచ్చింది. వాద్యకారులు తెరకు కనబడకుండా నక్కి కూర్చుని వాయించేవారు.

ఇంచుమించు అదే కాలంలో అమెరికాలోనూ ఈ చిక్కుకు పరిష్కారాలు వెదుకుతున్నారు. 1929లో ‘ది వైల్డ్ పార్టీ’ చిత్రాన్ని తీస్తూ డొరొతీ ఆర్జ్‌నర్ అనే దర్శకురాలు మైక్రోఫోనును గాలపుకర్ర వంటి దండానికి కట్టించి, నటి తలపైన ఆమెతోబాటు కదిలేటట్లు చేశారని చలనచిత్ర చరిత్రకారులు చెబుతారు. నేడు బూమ్ అని మనం పిలిచే సాధనానికి ఇటువంటి ప్రయత్నాలే నాంది.

‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయిలోని మెజెస్టిక్ సినిమాలో విడుదలైంది. మాస్టర్ విఠల్, జుబేదా నాయికా నాయకులు. పృథ్వీరాజ్ కపూర్ ఒక ముఖ్యపాత్ర ధరించారు. చిత్రంలో ఏడు పాటలున్నాయి. జనసమూహాన్ని అదుపు చేయడానికి పోలీసులు రావలసి వచ్చింది. అంతటి చరిత్ర గల ఈ చిత్రం ప్రతి ఒక్కటీ నేడు లభ్యం కాకపోవడం మన దురదృష్టం.

సినిమాకు మాట రావడంతో భాష అనే ఎల్ల కూడ వచ్చింది. మూకీ దేశమంతటా చెల్లుబాటయ్యేది. టాకీ ఆ భాష తెలిసినవారికే చెందుతుంది. ఇరానీ దీనిని నష్టంగా భావించక, ఇతర భాషలలోనూ చిత్రాలు నిర్మించారు. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 1931 అక్టోబరులో విడుదలైన ‘కాళిదాస్’లో తమిళంతోబాటు తెలుగు కూడ వినిపించింది. అదే దర్శకునితో నిర్మించిన ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలై, తొలి సంపూర్ణ తెలుగు టాకీగా చరిత్రకెక్కింది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం దానికి ఆధారం. సురభి కమలాబాయి, మునిపల్లె సుబ్బయ్య ప్రధానపాత్రధారులు. చందాల కేశవదాసు పాటలు రచించారు. చివరి వరుసలోని ప్రేక్షకునికి సైతం వినబడేటట్లు కంఠమెత్తి పలకడం రంగస్థల నటుల అలవాటు. మైక్రోఫోను ముందు వారు ఆ స్వరాన్ని సవరించుకోవలసి వచ్చింది. ‘ఆలం ఆరా’లోనూ, ఈ రెండు చిత్రాలలోనూ చిన్న వేషాలు వేసిన ఎల్.వి. ప్రసాద్ తరువాతి కాలంలో సుప్రసిద్ధ దర్శక నిర్మాత అయ్యారు.

ఇరానీ 1933లో ‘దుఖ్తరే లోర్’ అనే తొలి పారశీక టాకీని, 1937లో మన దేశంలోనే రంగులు సంతరించుకున్న తొలి చిత్రం ‘కిసాన్ కన్య’ను నిర్మించారు. ఆయన చిత్రాల సంఖ్య 150కి పైమాటే. 1969 అక్టోబరు 14న బొంబాయిలో తనువు చాలించారు.

నేడు మైక్రోఫోనులు అరచేతిలో ఇమిడిపోతున్నాయి. ఆరుబయట చిత్రించేవారు ఒకే దిశనుండి వచ్చే ధ్వనిని ఎక్కువగా గ్రహించే మైక్రోఫోనును బూమ్ దండానికి తగిలించి, గాలి రొదను ఆపే మెత్తని తొడుగు వేస్తారు. నాలుగు గోడల నడుమ తీసేవారు ప్రతిధ్వనిని తగ్గించడానికి దళసరి తెరలు వేలాడదీస్తారు, లేదా చిన్న మైక్రోఫోనును నటుని దుస్తులలో అమరుస్తారు. సాధనాలు మారినా పని మారలేదు. చుట్టూ ఉన్న శబ్దాలను ముందుగా ఆలకించడం, పలికేవారికి చేరువ కావడం, తెరకు కనబడకుండా ఉండడం నేటికీ ఆవశ్యకాలే. రైలు వెళ్లిపోయేదాకా అర్ధరాత్రి వేచి ఉన్న ఇరానీ ఆచరించి చూపినవీ ఇవే.

ప్రశ్నలు

1. ‘ఆలం ఆరా’ చిత్రీకరణను రాత్రివేళ జరపవలసిన అవసరం ఎందుకు కలిగింది?
2. మైక్రోఫోనును అమర్చడంలో ఇరానీకి ఎదురైన ఇబ్బందులను వివరించండి.
3. తెలుగు చలనచిత్ర రంగానికి ఇరానీ చేసిన సేవను తెలపండి.