వజ్రకరూరు రాళ్లను చదివిన రాబర్ట్ బ్రూస్ ఫూట్

ఎండాకాలం సెలవులొస్తే మా ఇంట్లో నాకు పని సిద్ధంగా ఉంటుంది. శెనక్కాయ చేలో కంప ఏరాలి, ఎరువు తోలాలి, ఆపైన తొలకరి కోసం మొగులు చూస్తూ కూర్చోవాలి. ఈసారి మాత్రం వేసవి శిక్షణకని వజ్రకరూరు వెళ్లాను. ఖనిజాలను ఎట్లా వెదుకుతారు, తవ్వితే నేలకూ నీళ్లకూ ఏమవుతుంది అన్నది చూసి నేర్చుకోవడం మా పని. వంకల్లో గులకమన్ను ఎత్తి, జల్లెడ పట్టి, గార్నెట్, ఇల్మనైట్ గింజలు ఏరి, సంచి మీద చోటూ లోతూ తేదీ రాయాలి. నాలుగో రోజుకే విసుగు పుట్టింది. వజ్రం దొరకని మన్నుకు ఇంత లెక్క ఎందుకనిపించింది. ఆ విసుగును పోగొట్టింది నూరేళ్ల కిందట కాలం చేసిన ఒక మహనీయుని జీవితం. ఆయనే రాబర్ట్ బ్రూస్ ఫూట్.

ఫూట్ 1834లో ఇంగ్లండులోని చెల్టన్‌హాం పట్టణంలో జన్మించాడు. 1858లో భారత భూగర్భ సర్వేలో చేరి మద్రాసు రాజధానికి వచ్చాడు. 1851లో ఏర్పడిన ఆ సర్వే, బొగ్గూ లోహాలూ ఎక్కడున్నాయో తెల్లవారి ప్రభుత్వానికి చెప్పడానికి పుట్టినదే. ఫూట్ కూడా ఆ ప్రభుత్వోద్యోగే, అందులో దాచవలసిందేమీ లేదు. అయితే కంటికి కనిపించినదాన్నే రాయాలన్న నియమం మాత్రం ఆయన సొంతం.

1863 మే 30న మద్రాసు దగ్గరి పల్లవరంలో, గులక తవ్విన గుంటలో ఆయనకొక చెక్కిన రాయి దొరికింది. వేరొకరైతే కాలితో తన్ని పోయేవారు. అది ఆదిమానవుని చేతిగొడ్డలి అని ఫూట్ గుర్తుపట్టాడు. అప్పటికాయన వయసు 28 ఏళ్లు. మన దేశపు పాతరాతియుగ చరిత్రకు అదే తొలి అక్షరం. ఆ ఏడే విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో మరికొన్ని పనిముట్లు కనుగొన్నాడు. 1884లో మన కర్నూలు సీమలో బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను పరీక్షించాడు. అక్కడి తవ్వకాలు ఆయన కొడుకు హెన్రీ సాగించాడు.

దక్షిణదేశంలో బంగారం ఉండే శిలలకు ధార్వాడ శిలలని పేరు పెట్టినదీ ఫూటే. మన రామగిరిలో మూతపడిన బంగారు గనులు ఆ జాతి శిలల్లోవే.

ఇక వజ్రకరూరు సంగతి. 1882లో బళ్ళారి నుండి అనంతపురం వేరు జిల్లా అయింది. ఆ రోజుల్లోనే చాపర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, వజ్రకరూరు దగ్గర పెగ్మటైట్ అనే రాతిలోనే వజ్రాలు పుట్టాయని ప్రకటించాడు. దక్షిణాఫ్రికాలో కింబర్లీ గనులు పేరు మోగిపోతున్న కాలం అది. ఇక్కడా అలాంటి సిరి ఉందంటే ఆశపడనివారెవరు? ఫూట్ ఆ నేలను పరీక్షించి 1889లో ఒక వ్యాసం ప్రచురించాడు. చాపర్ మాటను ఆయన ఒప్పుకోలేదు. పదిమందికీ ఇష్టమైన మాటను కాదనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి! వజ్రాలను పైకి మోసుకొచ్చినది కింబర్లైట్ అనే వేరే శిల అని నేడు మనకు తెలుసు. అది సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట పాతాళం నుండి ఉబికి వచ్చింది.

శిక్షణ ముగించి ఇంటికి వస్తే మా నాయన అడిగిన మొదటి మాట, మన చేల కింద కూడా వజ్రాలుంటాయా అని. తొలివానలకు వజ్రకరూరు చేలల్లో జనం వంగి వంగి వెదకడం ఆయన చూసినవాడే. మూడేళ్లుగా పంట చేతికి రాలేదు. ఉంటాయంటే ఆయన మొహం విప్పారుతుందని నాకు తెలుసు. కానీ ఫూట్ గుర్తుకొచ్చాడు. మన చేను ఎవరూ పరీక్షించలేదు, తెలియనిది ఉందని చెప్పలేను అన్నాను. నాయన కాసేపు ఊరకుండి, ఒకవేళ తవ్వితే బోరులో నీళ్లేమవుతాయని అడిగాడు. అసలు ప్రశ్న అదే కదా!

ఫూట్ 1895లో బళ్ళారి జిల్లా భూగర్భ గ్రంథం ప్రచురించాడు. సండూరు కొండల ఇనుప రాతిని అందులో వర్ణించాడు. ఆ బళ్ళారిలోనే అడ్డూ అదుపూ లేని తవ్వకాలు సాగి, 2011 జూలైలో సుప్రీంకోర్టు వాటిని నిలిపివేయవలసి వచ్చింది. ఖనిజం ఎక్కడుందో తెలియడం ఒక చదువు. ఎంత తవ్వాలో, ఎక్కడ ఆపాలో, పైమన్నును తిరిగి ఎట్లా పరచాలో తెలియడం మరో చదువు. రెండింటికీ మొదటి మెట్టు నిజమైన లెక్క.

ఫూట్ 1891లో విరమించాక కూడా ఊరకుండక బరోడా, మైసూరు సంస్థానాలకు పనిచేశాడు. 459 చోట్ల ఏరిన పురాతన వస్తువులను 1904లో మద్రాసు మ్యూజియం కొన్నది. ప్రతిదానికీ దొరికిన చోటు రాసి ఉండబట్టే అవి రాళ్ల కుప్ప కాక చరిత్ర అయ్యాయి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన కన్నుమూశాడు.

మిత్రులారా, మనలో చాలామందిమి చేను నమ్ముకున్న ఇళ్ల నుండి వచ్చినవాళ్లం. రేపు మనలో కొందరు ఉద్యోగులై ఇటువంటి నేలకే కాగితాలతో వస్తాము. ఆ రోజు మన కాగితం మీద రాసేది, చేను గట్టున నిలబడిన రైతు మొహం చూసి చెప్పగలిగినదై ఉండాలి. వజ్రకరూరు మన్ను నాకు నేర్పిన పాఠం ఇది.