ప్రశ్నించుట నేర్పిన గురువు: హెన్రీ డెరోజియో

పాఠమును వల్లించి యొప్పగించుటయే విద్య యని పలువురు తలంతురు. వినినదానిని పరీక్షించి గ్రహించుట నేర్పిన గురువు లరుదు. అట్టివారిలో నొకడగు హెన్రీ లూయీ వివియన్ డెరోజియో చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా దెలుపుచున్నాము.

డెరోజియో 1809వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన కలకత్తా నగరమున, పోర్చుగీసు సంతతికి జెందిన కుటుంబమున జన్మించెను. స్కాట్లండు దేశీయుడగు డేవిడ్ డ్రమ్మండు పాఠశాలలో చదివి, పదునాలుగవ యేట చదువు చాలించెను. కొంతకాలము భాగల్పూరులో బంధువుల నీలిమందు కర్మాగారమున నుండి, గంగాతీరమున ఆంగ్లకవిత్వము వ్రాయుచుండెను. ఆ కవితలవలన బేరొంది, 1826లో పదునేడేండ్ల ప్రాయముననే కలకత్తా హిందూకళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. శిష్యులలో ననేకులు ఆయనకంటె నాలుగైదేండ్లు మాత్రమే చిన్నవారు.

ఆయన బోధనము పాఠ్యపుస్తకముతో ముగియునది కాదు. దైవాస్తిత్వమును గూర్చిన చర్చ వచ్చినపుడు, హ్యూము అను తత్త్వవేత్త సందేహములను జదివించి, వానిని ఖండించిన రీడు, డ్యూగల్డ్ స్టీవర్టుల సమాధానములను గూడ జదివించెను. బాలురు శంకింతురను భయముచే ఒక పక్షమును దాచుట గురుధర్మము గాదని ఆయన మతము. 1828లో శిష్యులతో నొక చర్చాసభను నెలకొల్పెను. అందు విధి, స్వేచ్ఛ, సద్గుణము, దేశభక్తి మొదలగు విషయములపై ఇరుపక్షములవారును వాదించుచుండిరి.

కొందరు శిష్యులు యౌవనోద్రేకమున పెద్దల యాచారములను బాహాటముగా గేలిచేసిరి. ఇది తగదనుట స్పష్టము. తల్లిదండ్రులు కలతపడి పిల్లలను మాన్పింపసాగిరి. డెరోజియో నాస్తికత్వము బోధించుచున్నాడనియు, తల్లిదండ్రుల మాట వినుట ధర్మము గాదని చెప్పుచున్నాడనియు నిందలు పుట్టెను. 1831 ఏప్రిల్ నెలలో కళాశాలా కార్యవర్గము ఆయన మాట వినకయే తొలగింప నిశ్చయించెను. ఆయన రాజీనామా నిచ్చెను. పిమ్మట సంస్కృతపండితుడగు విల్సను లేఖ వ్రాసి యడుగగా, తాను రెండు పక్షములను జూపితిననియు, ఇల్లు విడువబూనిన యొక శిష్యుని వారించితిననియు బదులు వ్రాసెను.

తరువాత నొక పత్రికను స్థాపించి నడపెను. ఆ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన విషూచివ్యాధిచే ఇరువదిరెండేండ్ల వయస్సుననే మరణించెను.

ఆయన శిష్యులు పిమ్మట ఏమైరో చూడుడు. కృష్ణమోహన బెనర్జీ 1832లో క్రైస్తవమతమును స్వీకరించి, తరువాత మతాచార్యుడయ్యెను. రామగోపాల ఘోషు వర్తకుడై, గొప్ప వక్తయని పేరొందెను. రామతను లాహిరి ఉపాధ్యాయుడయ్యెను. రాధానాథ సిక్దారు గణితజ్ఞుడై హిమాలయముల అత్యున్నతశిఖరపు టెత్తును లెక్కగట్టెను. గురువు తన యభిప్రాయమునే శిష్యులకు బోసియుండినయెడల వీరందరు నొకేత్రోవ నడచియుందురు. ఆయన యిచ్చినది అభిప్రాయము గాదు, త్రాసు.

ప్రశ్న వేయు బాలుని అవిధేయుడని తల్లిదండ్రులు తొందరపడి యనకుందురుగాక. బాలురును, ప్రశ్నించుట వేరు, పరిహసించుట వేరని యెరుంగుదురుగాక యని మేము కోరుచున్నాము.