పంతొమ్మిదేళ్ల పనిని పక్కన పెట్టిన వడ్రంగి

జాన్ హారిసన్ ఏ కాలేజీలోనూ చదవలేదు. 1693లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టాడు. నాన్నది వడ్రంగి పని, తనూ అదే నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్లకే దాదాపు అంతా చెక్కతోనే ఒక గడియారం చేసేశాడు.

అప్పట్లో నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో సరిగ్గా చెప్పడం ఎవరివల్లా కాలేదు. అక్షాంశం సూర్యుణ్ణి చూసి లెక్కెయ్యొచ్చు, చిక్కంతా రేఖాంశంతోనే. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే డిగ్రీకి 4 నిమిషాలు. బయల్దేరిన ఊళ్లో ఇప్పుడు టైమెంతో తెలిస్తే చాలు, ఇక్కడి టైముతో తేడా చూసి రేఖాంశం చెప్పెయ్యొచ్చు. కానీ ఊగే ఓడలో లోలకం గడియారం నడవదు. 1707లో సిల్లీ దీవుల దగ్గర నాలుగు యుద్ధనౌకలు రాళ్లకి కొట్టుకుని వెయ్యిమందికి పైగా చనిపోయారు. 1714లో పార్లమెంటు 20,000 పౌండ్ల బహుమతి పెట్టింది. రేఖాంశం అర డిగ్రీ లోపు చెప్పాలి, అంటే వారాల ప్రయాణం తర్వాత కూడా గడియారం 2 నిమిషాలకి మించి తప్పకూడదు. (మన ఫోన్లలో జీపీఎస్‌దీ టైము లెక్కే. ఉపగ్రహంలోని పరమాణు గడియారం సెకనులో వంద కోట్లో వంతు తప్పితే దూరం 30 సెంటీమీటర్లు తేడా వస్తుంది.)

1735 నాటికి హారిసన్ హెచ్1 తయారుచేశాడు. బరువు సుమారు 34 కిలోలు. లిస్బన్ వెళ్లొచ్చిన ఓడలో బాగానే పనిచేసింది. అయినా బోర్డు ముందు నిలబడి దాని లోపాలు తనే చెప్పి, ఇంకోటి చెయ్యడానికి డబ్బు అడిగాడు. డెమోలో సొంత బగ్స్ చూపించేవాళ్లు మనలో ఎంతమంది? తర్వాత హెచ్2 చేశాడు, అదీ నచ్చలేదు. హెచ్3 మీద పంతొమ్మిదేళ్లు కూర్చున్నాడు. మా బ్యాచ్‌లో చాలామంది మొత్తం వయసు అంత!

ఈ మధ్యలో తను వాడుకోడానికని ఒక జేబు గడియారం చేయించుకున్నాడు. అది అనుకున్నదానికంటే చాలా కచ్చితంగా నడిచింది. అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్లూ తను వెళ్తున్న దారే వేరని. పెద్ద చక్రం నెమ్మదిగా ఊగితే ఓడ కుదుపులు దాన్ని చెడగొడతాయి. చిన్న చక్రం చకచకా, వెడల్పుగా ఊగితే కుదుపుల ప్రభావం తక్కువ. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికంటే గొప్ప పని ఇదే, అరవై ఏళ్ల వయసులో డిజైన్ మొత్తం మార్చేయడం. 1759లో పూర్తైన హెచ్4 వెడల్పు 13 సెంటీమీటర్లు, బరువు కిలోన్నర లోపే.

కొడుకు విలియం దాన్ని జమైకా తీసుకెళ్లాడు. 81 రోజుల తర్వాత తేడా దాదాపు 5 సెకన్లు. ఇంక బహుమతి ఇచ్చెయ్యాలి కదా? ఇవ్వలేదు. అదృష్టం కొద్దీ కుదిరిందేమో అని మళ్లీ పరీక్ష అన్నారు. బార్బడోస్ ప్రయాణంలోనూ పాసైంది. అప్పుడు కొత్త షరతులు పెట్టారు: లోపలి రహస్యమంతా విప్పి చెప్పాలి, గడియారాలన్నీ అప్పగించాలి, ఇంకో రెండు చెయ్యాలి. సగం డబ్బు మాత్రం ఇచ్చారు. పైగా చంద్రుణ్ణి కొలిచి రేఖాంశం కట్టే పద్ధతిని సమర్థించిన మాస్కెలీన్ 1765లో రాజ ఖగోళవేత్తగా అదే బోర్డులోకి వచ్చాడు. పోటీదారుడే ఎగ్జామినర్ అన్నమాట.

చివరికి మూడో జార్జి రాజు కల్పించుకుని హెచ్5ని తన అబ్జర్వేటరీలోనే పరీక్ష చేయించాడు. 1773లో పార్లమెంటు 8,750 పౌండ్లు ఇచ్చింది. అప్పటికి ఆయనకి 80 ఏళ్లు. అసలు బహుమతి మాత్రం అధికారికంగా ఎవరికీ దక్కలేదు. హెచ్4కి నకలుగా చేసిన గడియారం అప్పటికే కెప్టెన్ కుక్‌తో దక్షిణ సముద్రాల్లో తిరుగుతోంది.

1776లో హారిసన్ లండన్‌లో చనిపోయాడు. ఆయన మొదటి మూడు గడియారాలూ ఇప్పటికీ గ్రీనిచ్‌లో నడుస్తున్నాయి. హెచ్4ని మాత్రం అరిగిపోకుండా ఆపి ఉంచారు.